అనుసరణమా, అపహరణమా?

మేము పాఠశాలలో పిల్లలకు ఒకే దినమున రెండు విధములైన యుపదేశములు చేయుచుందుము. ఉదయమున "పెద్దలు నడచిన త్రోవను నడువుడు" అని బోధింతుము. సాయంకాలమున పత్రములు దిద్దుచు, పెద్దలు నడచిన త్రోవను అక్షరము తప్పక నడచిన బాలుని పత్రము మీద "ఇది చూచి వ్రాసినది" అని ఎఱ్ఱసిరాతో వ్రాసి సున్న చుట్టుదుము. ఇరువదేండ్లుగా ఈ రెండు పనులును చేయుచుండియు, అవి యొకదాని నొకటి ఖండించుచున్నవేమో యని మేము నిలిచి యోచించినది లేదు. గడచిన యేడు మా చేతులారా ఒక తప్పు చేసితిమి. అప్పటి నుండి ఈ ప్రశ్న మమ్ము విడువకున్నది. పూర్వుల ననుసరించుట యెంతవఱకు ధర్మము? ఎచ్చట నుండి యది దొంగతన మగును? చదువరులును తమ యిండ్లలో పిల్లలను పెంచువారే కావున, మా తప్పును దాచక చెప్పి, దాని మూలమున మాకు తెలిసివచ్చిన దానిని వారి ముందుంచుచున్నాము.

మేముండునది గోదావరిఖని. రామగుండము నానుకొని గోదావరి దక్షిణపు టొడ్డున నున్న ఈ యూరు బొగ్గు కొఱకు పుట్టి బొగ్గు మీద బ్రదుకుచున్నది. 1871లో ఎల్లందు ప్రాంతమున కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండున నెలకొల్పబడిన హైదరాబాదు దక్కను కంపెనీ దానిని త్రవ్వించెను. 1920లో ఆ సంస్థ సింగరేణి కాలరీసు కంపెనీ యయ్యెను. 1945లో నిజాము ప్రభుత్వము దానిని తన చేతిలోనికి తీసికొనెను. నేడందు నూటికి 51 వంతులు రాష్ట్రమువి, 49 వంతులు కేంద్రమువి. ఈ చరిత్ర యంతయు మా వీధులలో మసిరూపమున కనబడును. ఉదయమున ఆరవేసిన తెల్లగుడ్డ సాయంకాలమునకు తెల్లగా నుండదు. ఊరి చుట్టును కనబడు గుట్టలలో ననేకము దేవుడు చేసినవి కావు. ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గు మీది మట్టిని త్రవ్వి, డంపర్లతో తెచ్చి కుమ్మరింపగా లేచినవి. ఇచ్చట కొడుకు తండ్రి ననుసరించుట యనగా బాయికి పోవుటయే యని చాలకాలము అందఱును తలంచిరి.

ఇట్టి యూరిలో ఒక చిత్రలేఖనపు పోటీ జరిగినది. నిర్ణేతలలో మేమును ఉంటిమి. "చిత్రము స్వకపోలకల్పితమై యుండవలెను" అనునది మొదటి నియమము. బాలబాలికలు తెచ్చిన పటములలో నెమళ్లు, జెండాలు, సూర్యోదయములు నానావర్ణములతో వెలుగుచుండెను. పదవ తరగతి బాలు డొకడు మాత్రము పొడవైన కాగితము మీద నలుపు తప్ప వేఱు రంగు లేని బొమ్మ తెచ్చెను. ఒకదాని వెనుక నొకటిగా గుట్టలు, వాని పాదమున నీరు, నడుమ చాలమేర తెల్లగా విడిచిన కాగితము. చాయబండి బొగ్గుపొయ్యి మీది గిన్నె అడుగున పట్టిన మసిని గోకి, తుమ్మబంకతో నూఱి, నీటితో పలుచన చేసికొని వేసితినని చెప్పెను. బొమ్మ మూలను చిన్న యక్షరములతో ఇట్లు వ్రాసియుండెను: "చీనా దేశపు హువాంగ్ గోంగ్‌వాంగ్ బొమ్మ చూసి గీసినది. గుట్టలు మన ఓసీపీవి."

మే మా వ్రాతను చదివి, దొంగ తానే యొప్పుకొన్నట్లు సంతోషించితిమి. "ఇది చూచి వేసినదేనా?" అని యడిగితిమి.

"అవ్ సార్. లైబ్రరీల పుస్తకం జూసే గీసిన. అందుకే మూలకు రాసిన" అని వాడనెను.

"అట్లయిన ఇందులో నీ దేమున్నది?"

వాడు కొంచెము తడవు తల వంచుకొని, "గుట్టలు, సార్" అనెను. ఆ మాటను మేము ఎదురుమాటగా నెంచి, పటమును పోటీ నుండి తొలగించితిమి. తక్కిన నిర్ణేతలు మా మాటనే మన్నించిరి. వాడు పటమును చుట్టుకొని వెడలిపోయెను.

మా తీర్పునకు సాక్ష్యము చూచుకొను నుద్దేశముతోనే ఆ వారమున మే మా గ్రంథాలయమునకు పోయి ఆ పుస్తకమును తెఱచితిమి. సాక్ష్యము మా మీదనే పలికినది.

హువాంగ్ గోంగ్‌వాంగ్ 1269లో పుట్టి 1354లో గతించినవాడు. చీనా దేశము మంగోలుల యేలుబడిలో నున్న కాలమది. ఆయన యొక చిన్న యుద్యోగి. పైయధికారి మీద వచ్చిన యభియోగములో తానును చిక్కుకొని చెఱసాలలో నుండవలసివచ్చెను. వెలికి వచ్చిన పిమ్మట కొలువు మాని, తావో మతమున చేరి, జోస్యము చెప్పుకొని జీవించెను. ఆయన వేసిన పటములలో మిక్కిలి పేరుగన్నది ఫూచున్ నదీతీరపు కొండలను చూపునది. చుట్టగా చుట్టి, కొంచెము కొంచెముగా విప్పుచు చూడదగిన పొడవైన పట మది. 1347లో, తనకు డెబ్బదియెనిమిదవ యేడు నడచుచుండగా మొదలుపెట్టి, తోచినప్పుడెల్ల కొంత కొంత వేయుచు సంవత్సరములు గడపెను. దాని నొక సన్న్యాసి మిత్రునికై వేయుచుండెను. దీని నెవరైన నపహరింతురేమో యని మిత్రుడు భయపడగా, పటము పూర్తి కాకముందే, ఇది వానిదే యని 1350లో దాని చివర వ్రాసి యిచ్చెను. అపహరణమును గుఱించిన భయము ఆ పటముతోనే పుట్టినదన్న మాట.

ఆయన సొంతముగా ఈ విద్యను కల్పించుకొన్నవాడు కాడు. నాలుగువందల యేండ్లకు పూర్వము, పదియవ శతాబ్దమున నుండిన డోంగ్ యువాన్, జూరాన్ అను నిద్దఱు చిత్రకారులను గురువులుగా పెట్టుకొనెను. కొండవాలును చూపుటకు జనుపనార పోగులను విడదీసి పఱచినట్లు మెత్తని పొడుగుపాటి గీతలను ప్రక్కప్రక్కగా గీయుట డోంగ్ యువాన్ నుండి వచ్చిన పద్ధతి. హువాంగ్ ఆ గీతలనే గైకొనెను. కాని పూర్వుని పేరు మీద నిలిచిన పటములు పట్టుగుడ్డ మీదివి, తడిసిన గాలితో బరువెక్కినట్టివి. హువాంగ్ కాగితము మీద, తడి తక్కువైన కుంచెతో, గీతకును గీతకును నడుమ తెలుపును విడిచిపెట్టుచు పోయెను. గీత గురువుది, ఆ గీత నడుమ నాడు గాలి శిష్యునిది. ఈ పని యంతయు దేనితో జరిగినది? దేవదారుజాతి చెట్లను గాని నూనెను గాని మండించి పట్టిన మసిని జంతువుల చర్మము నుండి తీసిన జిగురుతో కలిపి కడ్డీగా చేసి, ఆ కడ్డీని రాతి మీద నీటితో నూఱగా వచ్చిన సిరాతో. చాయబండి మసిని తుమ్మబంకతో నూఱిన మా బాలుడు తన కెవ్వరును చెప్పకయే ఆ కులవృత్తిలో ప్రవేశించియుండెను.

ఆ పుస్తకమును మూసి వచ్చిన కొన్ని దినములకు పెద్దవాన కురిసినది. వాన వెలిసిన యుదయమున మేము ఓపెన్‌కాస్టు గని ప్రక్కదారిని నడచిపోవుచు మట్టిగుట్టల వంక చూచితిమి. ఇన్నియేండ్లుగా చూచుచున్న గుట్టలే. నీరు జాఱిపోయిన చాళ్లు శిఖరము నుండి పాదము వఱకు, ఒకదాని ప్రక్క నొకటిగా, నారపోగుల వలె దిగియుండెను. రాతికొండకు ఆ గీత పొసగదు. మెత్తని మట్టివాలునకే పొసగును. చీనా దేశపు దక్షిణభాగమున నున్న మట్టికొండలను చూచి పుట్టిన గీత, కాలము మాఱి దేశము మాఱి, మా యూరి మట్టిగుట్టల మీద సరిగా కూర్చున్నది. ఆ సంగతిని కనిపెట్టినవాడు హువాంగ్ కాడు, డోంగ్ యువాన్ కాడు. మేము అంతకన్న కాము. "గుట్టలు, సార్" అన్న మాటకు అప్పుడు మా కర్థము తెలిసెను. ఇందులో నీ దేమున్నదన్న ప్రశ్నకు వాడు సూటిగా ప్రత్యుత్తరమే యిచ్చియుండెను.

చీనా చిత్రకారులు పూర్వుల పటములను చూచి వ్రాయుటను తప్పుగా నెంచలేదు. సుమారు 500వ సంవత్సరప్రాంతమున షియే హ అను విమర్శకుడు చిత్రకళకు ఆఱు సూత్రములు చెప్పెను. వానిలో కడపటిది, పూర్వుల చిత్రములకు ప్రతులు వ్రాసి విద్యను ముందుతరమున కందించుట. అభ్యాసదశ దాటిన తరువాత గూడ అనేకులు, తాము ఏ పూర్వుని పోకడను పట్టి వేసితిమో ఆ పూర్వుని పేరు పటము మీదనే వ్రాసి, దాని క్రింద తమ ముద్ర వేసికొనుచు వచ్చిరి. ఆ వ్రాత వారికి సిగ్గు కాదు. తండ్రి పేరు చెప్పి తన పేరు చెప్పుకొనునట్టి ప్రవర. మా బాలుడు మూలను వ్రాసినదియు అదియే. మేము దానిని నేరాంగీకారముగా చదివితిమి.

ఇది పరదేశపు మర్యాద యని కొట్టివేయ వీలులేదు. మన సాహిత్యముననే దీనికంటె విస్మయకరమైన దృష్టాంత మొకటి కలదు. నన్నయభట్టారకుడు పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కోరిక మీద భారతమును తెనిగింప నారంభించి అరణ్యపర్వము నడుమ విడిచెను. తిక్కన పదుమూడవ శతాబ్దమున విరాటపర్వము మొదలు కడవఱకు రచించెను. నడుమ మిగిలిన వెలితిని పదునాల్గవ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ పూరించెను. నన్నయ పోకడతో మొదలిడి, క్రమక్రమముగా తిక్కన పోకడకు చేర్చి, రెండుతీరముల నడుమ వంతెన వేసెను. తా నెన్నడును చూడని, తనకు మూడు శతాబ్దములకు పూర్వుడైన రాజరాజనరేంద్రునకే ఆ భాగము నంకితము చేసెను. దీనిని కపటరచన యనవచ్చునా? అనరాదు. ఏలయన, నన్నయ రచనవలె పూరించితినని చెప్పుచు, పర్వాంతమున తన పేరును తానే నిలిపెను. ఇంటికి పెద్దకొడుకు మొదలుపెట్టిన గోడను తమ్ముడు ముగించి, "మొదలు అన్నది, ముగింపు నాది" అని చెప్పుట వంటి దిది. అట్లు చెప్పినందున అన్నకు కొఱత రాలేదు, తమ్మునికిని రాలేదు.

అయినచో అపహరణ మెట్టిది? దానికిని ఆ చిత్రకారుల లోకముననే ఉదాహరణము దొరకును. జాంగ్ దాచియెన్ (1899–1983) అను నాయన యీ కాలపు చీనా చిత్రకారులలో మహాసమర్థుడు. 1941 మొదలు 1943 వఱకు దున్‌హువాంగ్ గుహలలో నుండి అచ్చటి భిత్తిచిత్రములకు ప్రతులు వ్రాసెను. 1950లో మన దేశమునకు వచ్చి, నాడింకను హైదరాబాదు రాష్ట్రములోనే యున్న అజంతా గుహలను పరిశీలించెను. ఇంతటి శ్రద్ధాళువు మఱొక పనియు చేసెను. పూర్వుల పేర్లతో, పూర్వుల ముద్రలతో దొంగపటములు సృష్టించి పండితులను మోసగించెను. పదియవ శతాబ్దపు జూరాన్ పటముగా చలామణి యై బ్రిటిషు మ్యూజియము చేరిన దొకటి వీరి చేతిపని. ఆ చేతిలో నేర్పునకు లోటు లేదు; గురువు మీది ప్రేమకును లోటు లేదేమో. లోటు మూలనున్న నాలుగక్షరములలో నున్నది. ఋణపత్రము మీద అప్పిచ్చినవాని పేరే అప్పుపుచ్చుకొన్నవాని పేరుగా వ్రాసిన యెడల ఆ ఋణము తీఱునది కాదు. దున్‌హువాంగ్ గోడల యెదుట కూర్చుండి ప్రతి వ్రాసిన చేయియు, జూరాన్ ముద్ర వేసిన చేయియు ఒక్కటే. మొదటి పని అనుసరణము, రెండవది అపహరణము.

అసలును నకలును పోల్చుకొనలేనివారి గతి యేమో తెలిసికొనుటకు ఫూచున్ పటము కథయే చాలును. 1745లో చియెన్‌లోంగ్ చక్రవర్తికి ఆ పటము దొరకినది. అనగా దాని నకలు దొరకినది. ఆయన దానినే యసలుగా నమ్మి, తెలుపు కనబడిన చోట్ల నెల్ల తన ప్రశంసలు వ్రాసికొనెను. అట్టి వ్రాతలు యేబదికి మించినవి. మఱుసటి యేడు నిజమైన పటము వచ్చి చేరెను. చక్రవర్తి తన మాట తప్పుట కిష్టపడక, ఇది నకలు గాని చక్కని నకలని తీర్పు చెప్పి, ఆ మాటను దాని మీద వ్రాయించెను. అసలు ఇదియే యని ఇరువదవ శతాబ్దమున పరిశోధకులు తేల్చిరి. చక్రవర్తి యవజ్ఞ వలన నిజమైన పటమునకు మేలే కలిగినది. దాని మీద ఆయన వ్రాతలు పడలేదు. కాని చదువరులారా, పదునైదేండ్ల బాలుడు పటము కాడు. పెద్దల యవజ్ఞ వాని మీద పడిన యెడల, రెండువందల యేండ్ల తరువాత పరిశోధకుడెవడో వచ్చి సరిదిద్దును గదా యని మన మూరకుండరాదు.

ఆ పటము కథలో మూడవ పాత్ర యొకడు కలడు. వాడు దొంగ కాడు, కుతార్కికుడు కాడు, మిక్కిలి ప్రేమించినవాడు. 1650లో దాని సొంతదారు వూ హోంగ్‌యూ మరణశయ్య మీద నుండి, దానిని తనతో గూడ దగ్ధము చేయుడని యాజ్ఞాపించెను. మంటలో పడిన పటమును ఆయన యన్నదమ్ముల కొడుకొకడు లాగి, దాని స్థానమున మఱొక పటమును వేసి కాపాడెను. పటము రెండు తునక లయ్యెను. చిన్నది నేడు హాంగ్‌జౌ నగరమునను, పెద్దది తైపే నగరమునను ఉన్నవి. 2011లో రెంటిని ఒక్కచోట చేర్చి తైపేలో ప్రదర్శించిరి. పూర్వుల సొత్తు నాకే చెందినది, నాతోనే పోవలెను అనువాడు చీనా దేశముననే పుట్టలేదు. విద్యను స్త్రీలకు చెప్పరాదు, ఫలానివారు వినరాదు అని శతాబ్దముల పాటు మన పెద్దలు చేసినది ఈ దహనసంస్కారమే. తాము పూర్వులకు భక్తులమనియే వారు తలంచిరి. మంటలో చేయి పెట్టి లాగిన పిల్లవానినే పూర్వులకు వారసు డనవలెను.

ఇచ్చట ఏకలవ్యుడు తలపునకు రాక మానడు. గురువు దరికి రానీయలేదు. మట్టితో గురువు బొమ్మను చేసికొని, దాని యెదుట తానే యభ్యసించెను. నీ గురువెవరని యడిగినప్పుడు, తన నేర్పు తనదేయని చెప్పుకొనుటకు సర్వాధికారము కలిగియుండియు, ద్రోణుని పేరు చెప్పెను. ఋణము నొప్పుకొన్న యా సత్యమునకే బొటనవ్రేలు మూల్యమయ్యెను. ఈ కథను మేము తరగతిలో ఎన్నిమాఱులు చెప్పితిమో లెక్కలేదు. చెప్పిన ప్రతిమాఱును ద్రోణుని నిందించితిమి. పుస్తకములోని బొమ్మను గురువుగా నిలుపుకొని, ఆ గురువు పేరు మూలను వ్రాసికొని వచ్చిన బాలుడు మా యెదుట నిలిచిన దినమున, మేము కూర్చున్న పీట ఎవరిదో మాకు తోచలేదు.

మన దేశపు క్రొత్త చిత్రకళయు ఇట్టి చేబదులు మీదనే నిలిచినది. 1903లో జపాను చిత్రకారులు తైకాన్, షున్‌సో అనువారు కలకత్తాకు వచ్చిరి. రంగును నీటితో కడిగి మంచువలె పలుచబఱచు పద్ధతిని వారిని చూచి అవనీంద్రనాథ ఠాకూరు తనదిగా మలచుకొనెను. ఆయన శిష్యకోటి లోని ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు, 1910లో నెలకొన్న బందరు ఆంధ్రజాతీయ కళాశాలకు వచ్చి ఆ విద్యను తెలుగుపిల్లలకు నేర్పగా, అడివి బాపిరాజు వంటివారు అందుండి వెలువడిరి. అవనీంద్రుని శిష్యుడే యైన నందలాల్ బోసు 1924లో రవీంద్రునితో చీనా, జపాను దేశములు చూచి వచ్చెను. ఆ నందలాలు వద్ద శాంతినికేతనమున చదివినవాడు మన వరంగల్లు సీమలోని పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు. ఆయన హైదరాబాదునకు మరలి వచ్చి, 2012లో కన్ను మూయు వఱకు మన పురాణకథలను, కాకతీయుల శిల్పసంపదను చిత్రించుచు, శిష్యులను తయారుచేసెను. ఒక్కొక్కరును తమ గురువు పేరు చెప్పుకొనిరి. అయినను బందరు బొమ్మ కలకత్తా బొమ్మ కాలేదు. కలకత్తా బొమ్మ జపాను బొమ్మ కాలేదు.

చిత్రములను విడిచి నడవడికకు వచ్చినను న్యాయమిదియే. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశరస్మృతిని ఆధారముగా చూపి వితంతువివాహమును సమర్థించెను. 1856లో చట్టము వచ్చెను. కందుకూరి వీరేశలింగముగారు ఆ దారినే నడచి 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఆనాడు వారిని తిట్టినవారును పూర్వాచారము పేరనే తిట్టిరి. ఇరువురును పూర్వుల ననుసరించితిమనిరి. తిట్టినవారు పూర్వుల యడుగుజాడలను కొలిచిరి. వీరేశలింగముగారు ఆ యడుగులు ఏ దిక్కునకు పోవుచున్నవో చూచిరి. మట్టి మీది జాడ వానకు చెఱగిపోవును. దిక్కు చెఱగదు.

మా యూరి మాటతో ముగింతుము. సింగరేణిలో తండ్రి కొలువు కొడుకున కిచ్చు వారసత్వపు టుద్యోగములు ఇచ్చటి యిండ్లకు చిరకాలపు టాశ. ఆ పథకమును 2017లో ఉన్నతన్యాయస్థానము కొట్టివేసినది. తరువాత, ఆరోగ్యము చెడి పనికి తగనివాడైన కార్మికుని బిడ్డకు కారుణ్యనియామకమను మార్గము మిగిలినది. అనగా తండ్రి ఊపిరితిత్తులో నడుమో చెడినప్పుడే కొడుకునకు దారి తెఱచుకొనును. మేము చేసిన తప్పును ఒప్పుకొనుటకై ఒక ఆదివారము ఆ బాలుని క్వార్టరుకు పోయితిమి. రాత్రి షిఫ్టు ముగించి నిద్ర లేచిన తండ్రి మా మాట లన్నియు విని, "నా వెన్క బాయికి రావద్దు సార్ వీడు. గని నేను పని మీద వెట్టిన మనసు మాత్రం వీనికి రావాలె" అనెను. చీనా పండితు లాఱు సూత్రములలో చెప్పిన దానిని ఆయన రెండు వాక్యములలో చెప్పెను.

పట మేదని యడిగితిమి. బాలుని తల్లి లోపలికి పోయి ఒక నోటుపుస్తకము తెచ్చెను. కాగితము గట్టిది, పొడవైనది కావున, పటమును మడిచి చెల్లెలి లెక్కల పుస్తకమునకు అట్ట వేసియుండిరి. గుట్టలు వెన్ను మీదుగా విఱిగియున్నవి. మూలనున్న వ్రాత మాత్రము చదువవచ్చును. దానిని తీసి ఇమ్మనియు, తరగతిగోడ మీద మూలవ్రాతతో సహా పెట్టెదమనియు అంటిమి.

"పోటీల మళ్ల కలుపుతరా సార్?" అని వాడడిగెను.

బహుమతు లిచ్చివేసి నెలలు గడచినవి. "కలుపలేము" అని చెప్పితిమి.

"ఐతే ఉండనియ్యండ్రి సార్. చెల్లె పుస్తకం ఖరాబయితది. ఇంకోటి గీసిస్త."

వాడు దానిని ఇంకను తెచ్చి యియ్యలేదు. మేమును తొందరపెట్టలేదు. కాని ఆ దినము నుండి పత్రములు దిద్దునప్పుడు, చిత్రములు చూచునప్పుడు, "ఇది నీ సొంతమా?" అని యడుగుట మానితిమి. దానికి బదులు రెండు ప్రశ్నలు వేయుచున్నాము: "ఇది ఎవరిని చూచి నేర్చితివి? వారికి కనబడక నీకు కనబడిన దేమి?" మొదటిదానికి జవాబు చెప్పలేని పిల్లవానికి నిజాయితీని నేర్పవలెను. రెండవదానికి చెప్పలేనివానిని బయటికి తీసికొనిపోయి గుట్టలను చూపవలెను. రెంటికిని జవాబు చెప్పినవానిని, అది ఎంత మెల్లగా చెప్పినను, చెవియొగ్గి వినవలెను. మా చదువరులు తమ యిండ్లలో ఈ ప్రశ్నలను పిల్లల నడుగుటకు ముందు, ఒక్కమాఱు తమ్ము తామే యడుగుకొందురని నమ్ముచున్నాము.